దారిలో పోయిన కవరు

గుంతకల్లు కంట్రోలాఫీసులో
ముప్పయ్యొక్క ఏండ్లు రైళ్లను గీతలుగా చూసినోణ్ణి.
గీత వాలితే బండి నడుస్తాంది,
గీత పడుకుంటే ఎక్కడో నిలబడిపోయింది.
రిటైరైనాక
అదే చార్టు వెనకపక్క తెల్లకాగితం మీద
ఒక యుద్ధం గీసినా.

బొమ్మలు మావి కావు.
మెయిలు డ్రైవరు క్లారెన్స్ దొర పోతాపోతా
రైల్వే ఇన్‌స్టిట్యూటుకు ఇచ్చిన బిస్కెట్ డబ్బా అది:
సీసపు సిపాయిలు, చిటికెనవేలి గోరంత టోపీలు,
పదహారు మందికి తుపాకులు విరిగినాయి.
నీలం కోట్లకు కొత్త రంగు దస్తగిరి వేసినాడు,
అంగళ్లకు బోర్డులు రాసే చెయ్యి,
నాలుగు వెంట్రుకల కుంచె, బిగబట్టిన ఊపిరి.
చక్రవర్తికి మాత్రం బొత్తాలు పెట్టలేదు.
"అంత దగ్గరికి ఎవురు పోతారు సార్, చూసేకి?"

ఆటంటే బల్లమీద కొట్లాట అనుకుంటారు.
కొట్లాట ఆదివారం మూడు గంటలే.
తక్కిన ఆరు దినాలు నడక, ఆకలి, కవర్లు.
ఎవరి దండు ఎక్కడుందో వాళ్లకు తెలుసు,
అందరిదీ నాకు తెలుసు.
ఆర్డరు రాసి, జిగురంటించి నా చేతికిస్తారు.
గుర్రపోడు ఎన్నాళ్లకు చేరతాడో
పాచిక చెప్తాది.

వాన గూడ పాచికే.
భాద్రపదంలో ఒకనాడు ఆరు పడింది. కుండపోత.
డాన్యూబు పొంగె, ఫిరంగులు ఇరుసుల దాకా దిగబడె.
రష్యా పక్కన కూర్చున్న తిప్పేస్వామి
కిటికీలోంచి ఉత్త తెల్లటి ఆకాశాన్ని చూసినాడు.
కసాపురం దారిలో వాని సెనక్కాయ చేను
ఊడలు దిగే టైముకు ఎండిపోతాంది.
"ఇంగొకసారి ఎయ్యి సామీ" అన్నాడు.
ఏ నేలమీద కురిసేకో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నాలుగో వారం
ఫ్రెంచి సేనాని మద్దిలేటి ఒక కవరిచ్చినాడు,
వంతెన కాడ ఉన్న దస్తగిరికి.
ఆ రాత్రి అన్నం తిన్న ప్లేటు పక్కకు జరిపి
పాచిక వేసినా.
ఒకటి.
గుర్రపోడు కొసాకుల చేతికి చిక్కినాడు.
కవరు నా బీరువాలో, కరెంటు బిల్లుల కింద.

అప్పట్నించి దస్తగిరి దినామూ
స్టేషను ముందర టీ అంగట్లో ఎదురుపడతాడు.
"ఏమన్నా కబురా?"
నేను గ్లాసులోకి చూస్తా.
ఏ బండి ఎంత లేటో చెప్పేకి జీతం తిన్న నోరు,
టీతో దాన్ని మూసుకుంటా.
ఇంకోపక్క మద్దిలేటి గొణుగుడు:
"వాడు కదలడేమి? మొండి నాయాలు."
ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో నేను.
బన్ను సగం సగం తుంచుకొని తింటారు.

వంతెన కాడ గింజల లెక్క నాదే:
తొమ్మిది వేల మంది.
ఏడు వేల నాలుగు వందలు.
ఐదు వేల చిల్లర.
తూటా పేలకుండానే, ఉత్త పెన్సిలుతోనే.
అంకె కొట్టేసినప్పుడల్లా
ఒక నీలం కోటు డబ్బాలోకి పోయి పడుకుంటాది.
వాడు రాసిన రంగు ఇంకా వాసనొస్తానే ఉంది.

చార్టులో గీత
పడుకునే ఉంది.

ఆఖరి ఆదివారం బల్ల సర్దినాక
నియమం ప్రకారం చిక్కిన కవర్లన్నీ బయటికి తీసినా.
దస్తగిరి అంచు చింపినాడు, ట్యూబులైటుకు పట్టినాడు.
నాకు కంఠతా వచ్చిన మూడే మాటలు:
వంతెన వదిలి రా.
మద్దిలేటి బీడీ వంకతో వరండాలోకి పోయినాడు.
యార్డులో ఏదో గూడ్సు కపుల్ అయిన చప్పుడు,
కిటికీ రెక్కలు అదిరి ఊరకున్నాయి.

దస్తగిరి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి,
కొమ్ముల మీద, దీర్ఘాల మీద వేలు పెట్టి,
బోర్డు రాసేవాని మొగంతో అన్నాడు:
"ఇదేం రాత సార్.
వచ్చింటే గూడ
నాకు సదివేకి అయ్యేది గాదు."